గంట తిరిగితే చాలు

ఇన్‌స్పెక్టరు కార్ఖానాకు వచ్చి రెండో రోజు కూడా సగం గడిచిపోయింది గానీ, ఆయన ఇంతవరకూ ఒక్క ఫ్యాను మొహం చూడలేదు.

మొదటి రోజంతా గుమ్మం మీది బోర్డుకే సరిపోయింది. "అనుమతి లేనిదే లోనికి రాకూడదు" అన్న బోర్డు ఉండాలన్నాడు. ఉంది. అక్షరాలు ఎర్రగా ఉండాలన్నాడు. నల్లగా ఉన్నాయి. "దేశ రక్షణకు వెళ్లే సరుకమ్మా ఇది. సూక్ష్మంగా చూడాలి," అని బయట మెట్టు మీద రుమాలు పరుచుకుని కూర్చున్నాడు. పెయింటరు కోసం చూస్తే తెల్లారిపోతుందని వదినే స్టూలెక్కి, ఇనుము మీద గుర్తులు పెట్టే ఎర్ర రంగుతో ఒక్కో అక్షరం దిద్దింది. దిద్దడం అయ్యాక ఆయన లేచొచ్చి, ఆరిందో లేదోనని 'అ' మీద వేలు పెట్టాడు. వేలికి రంగంటింది. ఆ రంగు పోవడానికి కిరసనాయిలు, కిరసనాయిలు కంపు పోవడానికి సబ్బు, సబ్బు తర్వాత తువ్వాలు వెతికేసరికి ఆఫీసు వేళ దాటింది.

"ఇక రేపు చూద్దాం," అని ఆయన సంచీ భుజాన వేసుకున్నాడు.

ఆ కార్ఖానాకు యజమానురాలు వదినే. ఇంజనీరింగు చదివింది, పదేళ్లుగా నడుపుతోంది. అయినా అక్కడెవరూ ఆమెను మేడమ్ అనరు. ఫోర్‌మన్ ఆమె సొంత మరిది. అతను పొద్దస్తమానం "వదినా, వదినా" అని కేకలేస్తుంటాడు కాబట్టి, ఇనుము చెక్కే లేతు మర మీద పనిచేసే పెద్దాయన దగ్గర్నుంచి లారీ డ్రైవర్ల దాకా అందరికీ ఆమె వదినే. ఇన్‌స్పెక్టరుకి కూడా రెండో రోజుకే పేరు పడింది. సూక్ష్మంగారు. పేరు పెట్టింది మరిదే.

వాళ్లు చేసేవి రాడారు గదుల ఫ్యాన్లు. దేశం మీదికి వచ్చే క్షిపణిని దూరాన్నే కనిపెట్టాల్సింది రాడారు. అది కనిపెడితేనే కింద నుంచి ఎదురు క్షిపణి లేచి దాన్ని గాల్లో పేల్చేస్తుంది. ఆ రాడారు వెనకున్న ఇనుప గదిలో యంత్రాలు పొయ్యిలా కాగుతుంటాయి. వాటికి గాలి కొట్టే ఫ్యాను ఆగిపోతే, యంత్రాలు వాటంతటవే ఆగిపోతాయి. మొత్తం పని ప్రభుత్వం ఒక పెద్ద కంపెనీకి అప్పజెప్పింది. పెద్ద కంపెనీ దాన్ని ముక్కలు చేసి చిన్నవాళ్లకు పంచింది. అందులో ఫ్యాన్ల ముక్క వదినకొచ్చింది. కార్ఖానాలో ఉన్న పద్దెనిమిది మందికీ ఇప్పుడు అదే పని.

రెండో రోజు కుర్చీల గొడవ. పరీక్ష చూసే అధికారికి చేతులున్న కుర్చీ ఉండాలట. ఉన్న ఒక్కటీ వదిన గదిలోది. దానికి చక్రాలున్నాయి. చక్రాలున్న కుర్చీలో కూర్చుని కొలతలు చూస్తే చూపు కదులుతుందట.

"చూపు కదలడమేంటండీ?" అంది వదిన.

"నేను కదలకపోయినా కుర్చీ కదులుతుంది కదమ్మా."

మరిది గబుక్కున వెనక్కి తిరిగి లేతు చప్పుడులో నవ్వేశాడు. వదినకు నవ్వు రాలేదు. పక్కనున్న అద్దె సామాన్ల దుకాణం నుంచి చేతుల కుర్చీ తెప్పించింది. అది పెళ్లి కుర్చీ. వెనక బంగారు రంగు నెమళ్లున్నాయి. సూక్ష్మంగారు దాన్ని అటూ ఇటూ ఊపి చూసి, తృప్తిగా కూర్చుని, మధ్యాహ్నం భోజనం ఎప్పుడొస్తుందని అడిగాడు.

ఆయనకు బయటి తిండి పడదు. ఉప్పు సగం, కారం అసలే వద్దు. అందుకని వదిన అత్తగారు విడిగా వండి డబ్బా పంపుతోంది. "ఆయన ఏం తింటాడో అడుగుతున్నావు గానీ, సంతకం ఎప్పుడు పెడతాడో అడిగావా?" అని పొద్దున కూడా అత్తగారు ఎత్తిపొడిచింది. అడగకేం. పూటకోసారి అడుగుతూనే ఉంది. ఆయన ముద్ర పడితే గానీ సరుకు కదలదు. సరుకు కదిలితే గానీ తర్వాతి ఆర్డరు ఖాయం కాదు. కంపెనీ మేనేజరు గంటకోసారి ఫోన్ చేసి, "మేడమ్, శుక్రవారం ప్రారంభోత్సవం. ఇంకా మీ దగ్గరే పడి ఉంటే ఎలా?" అంటున్నాడు, ఇన్‌స్పెక్టరుని ఆమే పట్టుకుని కూర్చోబెట్టినట్టు.

మూడో రోజుకి ఎట్టకేలకు పరీక్ష మొదలైంది.

పరీక్షంటే పెద్ద పనేం కాదు. బీరువా అంత ఇనుప పెట్టె ఒకటుంది. లోపల హీటర్లు, ముందు చిన్న గాజు కిటికీ. లాట్‌లోంచి ఇన్‌స్పెక్టరు తన చేత్తో ఏరిన ఆరు ఫ్యాన్లను అందులో బిగించి, రాడారు గదిలో ఉండేంత వేడి పెట్టి, గంటసేపు తిప్పాలి. గంట తిరిగితే చాలు, పాసైనట్టే. ఒప్పందంలో అంతే ఉంది. వదిన తానే లోపలికి వంగి ఒక్కో ఫ్యానుకీ మరలు బిగించింది. రెక్కను చూపుడువేలితో తోసి, అది తిరిగి తిరిగి ఎక్కడ ఆగుతుందో చూసింది. ప్రతిసారీ వేరే చోట ఆగింది. బరువు సరిగ్గా కుదిరినట్టే. కానీ ఆగే ముందు ఏదో చిన్న బిగువు వేలికి తగిలినట్టనిపించింది. పాత బేరింగుల్లో అది ఉండేది కాదు.

బేరింగులు మార్చమన్నది కంపెనీ. వేరే రాడారుకు వెళ్లిన మొదటి లాట్‌కి వదిన తనకు తెలిసిన చోట కొంది. రెండో లాట్‌కి మేనేజరు, తాము చెప్పిన చోటే కొనాలన్నాడు. ఎందుకని అడిగితే, "మీరు ఫ్యాన్ల సంగతి చూసుకోండి మేడమ్, బేరింగుల సంగతి మేం చూసుకుంటాం," అన్నాడు. తేడా వస్తే పూచీ ఎవరిదని అడిగితే, "ఫ్యాను మీది కదా," అన్నాడు.

పెట్టె తలుపు మూసి స్విచ్చి వేశారు. గాజులోంచి రెక్కలు పొగలా కనిపించాయి. గంట గడిచింది. ఆరూ తిరుగుతున్నాయి. వదిన ఊపిరి పీల్చుకుని, "వేడి ఎంతుందో రాసుకుని సంతకం చేస్తారా?" అంది.

సూక్ష్మంగారు నెమళ్ల కుర్చీలోంచి లేచి, పెట్టె పక్కనున్న థర్మామీటరు దగ్గరికి వంగి, కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు. వేడి కాదు, దాని మీద అంటించిన స్టిక్కరు.

"దీన్ని సరిచూసిన తేదీ చిరిగిపోయింది."

"పోయిన నెలలోనే ల్యాబులో సరిచూపించామండీ. అక్కడికి ఫోన్ చేసి అడగండి."

"ఫోన్లో స్టిక్కరు కనపడదమ్మా. కొత్తది తెప్పించండి. అప్పటిదాకా నేను వేడి రాసుకోను. రాసుకోకుండా తలుపు తీయకూడదు."

వదినకు ఒళ్లు మండింది. తల ప్రాణం తోకకొచ్చింది. ఏదైనా అంటే ఇంకో రోజు పోతుందని పళ్లు బిగపట్టి, మరిదిని ల్యాబుకు తరిమింది. అది ఊరికి ఆ చివర. అతను మోటారు సైకిలు మీద వెళ్లాడు. సూక్ష్మంగారు డబ్బా తెరిచి, కూరలో నిన్నటికంటే ఉప్పు తగ్గిందని సంతోషించి, నిదానంగా తిన్నాడు. తిన్నాక కుర్చీలోనే ఒక కునుకు తీశాడు. పెట్టెలో ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఆపే అధికారం ఎవరికీ లేదు.

మధ్యాహ్నం బాగా వాలాక, వదిన బల్ల దగ్గర గ్రిల్లులు లెక్క చూసుకుంటోంది. రోజంతా చెవిలో ఉన్న రొదలో ఏదో సన్నబడింది. చెయ్యి ఆగింది. లేతు మీది పెద్దాయన కూడా మర ఆపి ఇటు చూశాడు. ఆమె వెళ్లి గాజుకు మొహం ఆనించింది. పై వరసలో ఒక ఫ్యాను రెక్కలు విడివిడిగా కనిపిస్తున్నాయి. చూస్తుండగానే అది ఈడ్చుకుంటూ ఒక చుట్టు తిరిగి, నిలబడిపోయింది. కాసేపటికి దాని కిందది. తర్వాత చివరిది.

"ఏమండీ, లేవండి," అంది.

ఇన్‌స్పెక్టరు లేచి చూశాడు. ఈసారి స్టిక్కరు మాట ఎత్తలేదు. తలుపు తీయమన్నాడు. గుప్పున వేడి కొట్టింది, కాలిన నూనె వాసనతో. వదిన గుడ్డ చుట్టుకుని ఆగిన ఫ్యానును బయటికి లాగి, రెక్కలు విప్పి, ఇరుసు నుంచి బేరింగును ఊడదీసింది. లోపలి గ్రీజు కరిగి, కాగి, నల్లటి జిగురులా చిన్న ఇనుప గుండ్లకు అంటుకుపోయింది. వేలితో తిప్పితే తిరగలేదు. ఆయన చేతిలో పెట్టింది. ఆయన కూడా తిప్పి చూశాడు.

మూడు రోజులు బోర్డులకూ కుర్చీలకూ వంకలు పెట్టిన మనిషికి నిజమైన వంకే దొరికింది. ఇక లాట్ మొత్తం వెనక్కే అనుకుంది వదిన.

సూక్ష్మంగారు బేరింగును బల్ల మీద పెట్టి, రుమాలుతో చెయ్యి తుడుచుకుని, "గంట ఎప్పుడో అయిపోయింది కదమ్మా?" అన్నాడు.

"అయింది."

"అయితే పాసే. గంట తర్వాత సంగతి మన ఒప్పందంలో లేదు."

ఆమెకు మొదట అర్థం కాలేదు. ఆయన సంచీలోంచి ముద్ర డబ్బా తీశాడు. మూత తీసి, గడియారం చూసుకుని, మళ్లీ మూసేశాడు. "ఇవాళ వేళ దాటింది. రేపు పొద్దున్నే వేసేస్తాను."

"రాడారు గంటసేపే పనిచేస్తుందాండీ?"

ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. "పొద్దున మా ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. శుక్రవారం లోపు ఏదీ ఆపకూడదన్నారు."

"మరి మూడు రోజులుగా నా ప్రాణం ఎందుకు తీశారు?"

"బోర్డులూ స్టిక్కర్లూ నా చేతిలో ఉంటాయమ్మా," అన్నాడు ఆయన మెల్లగా. "ఇలాంటివి ఉండవు."

అప్పుడే మరిది చెమటలు కక్కుకుంటూ లోపలికొచ్చి, కొత్త స్టిక్కరును జెండాలా ఎత్తి చూపించాడు. ఎవరూ దానివైపు చూడలేదు.

సాయంత్రం ఇంట్లో వాదన మొదలైంది. లెక్కల మాస్టారైన వదిన భర్త, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూనే వింటున్నాడు. మరిది చంకలో అతని నెలల పాప. దాన్ని ఊపుతూ గదిలో అటూ ఇటూ నడుస్తున్నాడు.

"ఆయనే పాసన్నాక నీకేంటి వదినా? బేరింగులు మనం ఎంచుకున్నవా? గంట పరీక్ష మనం రాసుకున్నదా?"

"కాదు."

"మూడు రోజులు ముద్ర కోసం కాళ్లావేళ్లా పడ్డాం. నేను ఆ స్టిక్కరు కోసం ఎండలో ఊరంతా తిరిగొచ్చాను. ఇప్పుడు నువ్వే వద్దంటే, తర్వాతి ఆర్డరు ఇస్తారా వాళ్లు? పద్దెనిమిది మందికీ ఏం చెప్తావు? నాకేం చెప్తావు?"

"వద్దంటానని నేనన్నానా?"

"నీ మొహం అంటోంది."

భర్త పెన్ను పక్కన పెట్టి, "వాడు చెప్పేదీ నిజమే," అన్నాడు. "నువ్వు ఆపితే ఇంకెవరో చేసిస్తారు. అవే బేరింగులతో." ఆమె తీక్షణంగా చూసేసరికి మళ్లీ పెన్ను తీసుకుని, "నేను లెక్క చెప్పాను, సలహా చెప్పలేదు," అన్నాడు.

ఫోన్ మోగింది. చెల్లెలు. చెల్లెలి మొగుడికి ఉద్యోగం సరిహద్దు ఊళ్లో. ఏడాదిగా అక్కడ సైరన్లు మోగుతున్నాయి. సైరన్ మోగగానే ఇద్దరు పిల్లల్నీ లాక్కుని మేడమెట్ల కింద దూరడం దానికి అలవాటైపోయింది. మామూలుగా ఫోన్ చేస్తే పిల్లల చదువులు, మొగుడి మీద చాడీలు. ఇవాళ గొంతు హుషారుగా ఉంది.

"అక్కా, శుక్రవారం నుంచి ఆ కొత్త రాడారు మొదలవుతుందట కదా! ఇక ఏదొచ్చినా పైనే పేల్చేస్తుందట. మెట్ల కింద పరుపు తీసేద్దామంటున్నారు మా ఆయన. దోమలు, పైగా పెద్దోడికి అక్కడ నిద్రపట్టట్లేదు. తీసేయనా? నీకు తెలుసు కదా లోపలి సంగతులు."

వదిన ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"అక్కా? వినపడుతోందా?"

"పరుపు అక్కడే ఉండనీ," అంది చివరికి. "సైరన్ మోగితే మెట్ల కిందికే వెళ్లండి."

"ఎందుకు? పనిచేయదా?"

"ఏం అడిగినా ఎదురు ప్రశ్నలేనా నీకు? ఉండనీ అన్నానా, ఉండనీ!" అని గద్దించి పెట్టేసింది. పెట్టేశాక ఫోన్ వైపే చూస్తూ నిలబడింది. అత్తగారు వచ్చి ఆమె చేతిలోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. మరిది నడక ఆపేశాడు. పాప మాత్రం ఊపమని గింజుకుంటోంది.

మర్నాడు పొద్దున సూక్ష్మంగారు ముద్ర డబ్బా తీసేసరికి, వదిన కాగితాన్ని ఆయన ముందునుంచి లాగేసుకుంది.

"వేయకండి. నేను సరుకు పరీక్షకు పెట్టట్లేదు. వెనక్కి తీసుకుంటున్నాను. బేరింగులు మార్చి మళ్లీ పిలుస్తాను."

"ఇలా ఎవరూ చేయరమ్మా," అన్నాడాయన. కోప్పడలేదు. ముద్ర చేతిలో పట్టుకుని, ఎక్కడ వేయాలో తెలియనట్టు కూర్చున్నాడు.

ఆమె మేనేజరుకి ఫోన్ చేసి చెప్పింది. అవతలి కేకలు లేతు దగ్గరికి కూడా వినిపించాయి. గంట తిరక్కుండానే అతను స్వయంగా లారీ వేసుకుని వచ్చాడు. మోటార్లు కంపెనీ ఇచ్చినవి, అట్టపెట్టెలు కంపెనీవి, కాబట్టి సరుకు కంపెనీదేనన్నాడు. "తనిఖీ అక్కర్లేదు మేడమ్. పైనుంచి మినహాయింపు తెచ్చాను. ముద్రా వద్దు, సంతకమూ వద్దు. తప్పుకోండి."

వెంట తెచ్చిన కూలీలు పెట్టెలు ఎత్తడం మొదలుపెట్టారు. వదిన గుమ్మానికి అడ్డంగా నిలబడింది గానీ, ఆమె పక్కనుంచే పెట్టెలు వెళ్లిపోతున్నాయి. ఒప్పందం ప్రకారం వాళ్లను ఆపే హక్కు తనకు లేదని ఆమెకు తెలుసు. కార్ఖానా వాళ్లందరూ పని ఆపి చూస్తున్నారు. మరిది మాత్రం ఎక్కడా కనపడలేదు. ఈ రభస చూడలేక వెళ్లిపోయి ఉంటాడనుకుంది. అదీ మరింత చిరాకు తెప్పించింది.

సూక్ష్మంగారు మినహాయింపు కాగితం అడిగి తీసుకున్నాడు. మొదటి నుంచి చివరిదాకా చదివాడు. మళ్లీ చదివాడు. "నేను ఇక్కడ ఉండగానే మినహాయింపా?" అన్నాడు ఎవరితోనూ కాకుండా. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కాగితం మడిచి ఇచ్చేసి, చెప్పులు వేసుకుని, లారీ చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. వంగి కింద చూశాడు. పైకెక్కి అడుగు తట్టి చూశాడు.

"ఈ లారీలో ఆ సరుకు వెళ్లకూడదు."

"ఏంటి?" అన్నాడు మేనేజరు.

"రక్షణ సరుకు మోసే బండికి అడుగున చెక్క పరవాలి. ఇది వట్టి రేకు."

"మినహాయింపు చదివారు కదండీ?"

"చదివాను. తనిఖీకి మినహాయింపు ఉంది. రవాణాకి లేదు. దించమనండి."

"మీకు మతిపోయిందా? రేపే ప్రారంభోత్సవం!"

"అయితే త్వరగా చెక్క వేయించుకు రండి. వేయించాక చూస్తాను, సూక్ష్మంగా."

మేనేజరు పైవాళ్లకు ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. పైవాళ్లందరూ ప్రారంభోత్సవం ఏర్పాట్లలో ఉన్నారు. ఎవరూ ఎత్తలేదు. డ్రైవరు, సంతకం లేకుండా బండి తీస్తే దారిలో తన మెడకు చుట్టుకుంటుందని ఇంజను ఆపేసి, తాళం జేబులో వేసుకున్నాడు. కూలీలు ఎక్కించిన పెట్టెల్ని తిట్టుకుంటూ దించారు. మేనేజరు వెళ్తూ వెళ్తూ వదిన ముందు ఆగి, "తర్వాతి ఆర్డరు సంగతి ఇక మర్చిపోండి. మీ చేతులారా మీరే చేసుకున్నారు," అన్నాడు. అది ఉత్త బెదిరింపు కాదని ఆమెకు తెలుసు. నిజంగానే ఆ ఆర్డరు ఇంకొకరికి వెళ్లిపోయింది.

లారీ మలుపు తిరిగాక మరిది వచ్చాడు. మోటారు సైకిలు వెనక బరువైన చెక్కపెట్టె కట్టుంది. తాడు విప్పి, పెట్టె తెచ్చి వదిన బల్ల మీద దబ్బున పడేశాడు. పాత చోటి బేరింగులు.

"పొద్దున్నే వెళ్లి తెచ్చాను. వాళ్ల దగ్గర ఉన్నవన్నీ ఊడ్చేశాను," అన్నాడు ఆమె వైపు చూడకుండా. "నాకు నీ మీద కోపం ఇంకా తగ్గలేదు."

"నాకూ తగ్గలేదు," అంది వదిన. "ఎక్కడికెళ్తున్నావో చెప్పి చావొచ్చుగా!"

శుక్రవారం ప్రారంభోత్సవం ఆగలేదు. ఆ హడావుడిలో మేనేజరు మళ్లీ లారీ తేలేదు. పక్క దుకాణం రేడియోలో బాకాలు ఊదారు, చప్పట్లు కొట్టారు. దేశానికి ఇక గొడుగు పట్టినట్టేనని ఎవరో పెద్దమనిషి గొంతు ప్రకటించింది. ఫ్యాన్లు లేని ఇనుప గదుల ముందు రిబ్బను కత్తిరించారన్నమాట. వదిన రేడియో కట్టేయమని చెప్పి పంపింది.

కార్ఖానాలో బల్లలన్నీ ఒకచోట చేర్చారు. గ్రిల్లు తీసేవాళ్లు ఒకరు, రెక్కలు ఊడదీసేవాళ్లు ఒకరు, ఇరుసు మీంచి బేరింగు లాగేవాళ్లు ఒకరు. పాతవి బకెట్లో టంగుమని పడుతున్నాయి. సోమవారం నుంచి ఏం పని ఉంటుందో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు. నీళ్ల పంపులు చేసేవాళ్లకు మరిది పొద్దున్నే ఫోన్ చేయడం మాత్రం ఆమె విన్నది.

సూక్ష్మంగారు ఇంకా వెళ్లలేదు. సరుకు వెనక్కి తీసుకున్నాక ఆయనకు ఇక్కడ పనేం లేదు. వెళ్తే పైవాళ్లు ఏమంటారో ఆయనకూ తెలుసు. సంచీ గోడకు ఆనించి, చాలాసేపు నిలబడి చూశాడు. తర్వాత చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, బల్ల దగ్గరికొచ్చి, బేరింగును లాగే పుల్లర్ చేతిలోకి తీసుకున్నాడు. దాని కాళ్లను బేరింగుకు తగిలించి మర తిప్పాడు. అది జారిపోయింది. మళ్లీ తగిలించాడు. మళ్లీ జారింది.

"ముప్పై ఏళ్లుగా తనిఖీ చేస్తున్నాను," అన్నాడు. "ఒక్కటి కూడా విప్పలేదు."

వదిన తన పని ఆపి, విసుగ్గా చూసింది. ఆయన మూడోసారి కూడా వంకరగానే తగిలిస్తున్నాడు.

"అలా కాదండీ బాబూ, ఇరుసు పాడవుతుంది," అని ఆయన చేతుల మీద చేతులు వేసి, పుల్లర్ కాళ్లు సరిగ్గా కుదిర్చింది. "ఇప్పుడు తిప్పండి. మెల్లగా."

ఆయన తిప్పాడు. బేరింగు కీచుమంటూ కదిలింది.